ఉపసంహరణ, తిరోగమనం, విరమణ, వెనుకంజ: ఏది ఎక్కడ రాయాలి?

వంశధార గట్టు (గుణుపురం, రాయగడ జిల్లా) అడుగుతున్నారు:

మా ఊళ్లో తెలుగువాళ్ల కోసం నెలకోసారి నాలుగు పేజీల వార్తాపత్రం వేస్తున్నాం. సమాచారం చాలావరకు ఒడియా పేపర్ల నుంచి, సర్కారు నోటీసుల నుంచి తీసుకుని తెలుగులోకి దించుతాం. ఎప్పుడూ ఒకే దగ్గర తగువు వస్తోంది. ఒడియాలో ‘ప్రత్యాహార’ అన్న ఒక్క మాటతో నామినేషనూ, కేసూ, ఉత్తర్వూ అన్నీ గడిచిపోతాయి. తెలుగులోకి వచ్చేసరికి ఉపసంహరణ, విరమణ, నిష్క్రమణ, తిరోగమనం, వైదొలగడం, తప్పుకోవడం, వెనుకంజ... ఎవరికి తోచింది వాళ్లు వేసేస్తున్నారు.

‘ప్రత్యాహారం’ కూడా సంస్కృతమే కదా, అదే ఉంచేద్దాం అని ఒకరి వాదన. ‘ఉపసంహారం’ అంటే వ్యాసం చివర రాసే ముగింపు, దాన్ని నామినేషన్‌కి ఎలా అంటారు అని ఒడియా మీడియంలో చదివిన పిల్లల అనుమానం. నిఘంటువు తెరిస్తే అన్నింటికీ ‘వెనుకకు తీసికొనుట, మరలుట’ అనే ఉంటుంది గానీ ఏది ఎక్కడ అన్నది తేలదు. అర్థాలు కాదు, వాడుక ఎలా ఉండాలో చెప్పండి. కుదిరితే తప్పుడు వాడుకలు కూడా.

బరంపురం పంతులు (గంజాం జిల్లా):

ముందు మీ పిల్లల అనుమానం తీరుద్దాం, మిగతాది దాన్నుంచే వస్తుంది. ‘హృ’ ధాతువుకి తీసుకోవడం, పట్టుకుపోవడం అని అర్థం. దాని ముందు ఉపసర్గ మారితే అర్థం ఎటో వెళ్లిపోతుంది: ప్రహారం, ఆహారం, విహారం, పరిహారం, సంహారం. ‘ఉప’, ‘సం’ రెండూ చేరితే పరిచినదాన్ని దగ్గరికి లాక్కోవడం. ప్రసంగంలో విప్పిన విషయాన్నంతా చివర దగ్గరికి చేర్చితే అదీ ఉపసంహారమే, వదిలిన అస్త్రాన్ని వెనక్కి లాక్కుంటే అదీ ఉపసంహారమే. భారతంలో బ్రహ్మశిరోస్త్రాన్ని అర్జునుడు ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. రెండు అర్థాలూ పాతవే.

నేటి తెలుగు ఈ రెంటినీ రెండు రూపాలకు పంచేసింది. వ్యాసం, ఉపన్యాసం ముగింపుకి ‘ఉపసంహారం’. నామినేషను, ఉత్తర్వు, సైన్యం, మద్దతు వెనక్కి తీసుకోవడానికి ‘ఉపసంహరణ’. వ్యాకరణం ప్రకారం ఘఞ్ ప్రత్యయం చేరితే ఒకటి, ల్యుట్ చేరితే ఇంకొకటి, అంతే తేడా. కానీ పత్రికల్లో ‘నామినేషన్ల ఉపసంహారం’ అని వేస్తే చదివేవాడు ఆగిపోతాడు. ఒడియా ‘ఉపసంహార’, మరాఠీ ‘ఉపసంహార్’ ముగింపు దగ్గరే ఉండిపోయాయి కాబట్టి సరిహద్దు పిల్లలకు ఈ తికమక సహజం. ‘ఉపసంహారణ’ అని రెండూ కలిపేసిన రూపం మాత్రం ఎక్కడా లేదు, అది అచ్చుతప్పు.

‘ప్రత్యాహారం’ వద్దు. తెలుగు పాఠకుడికి అది పతంజలి చెప్పిన యోగం ఎనిమిది అంగాల్లో ఐదోది, ఇంద్రియాలను విషయాల నుంచి మళ్లించడం. కొంచెం వ్యాకరణం తెలిసినవాడికి అక్షరాల గుంపులకు పాణిని పెట్టిన అచ్, హల్ లాంటి పొట్టి సంకేతాలు. ‘నామినేషన్ల ప్రత్యాహారం’ అంటే మూడో వాడికి ఏమీ తెలియదు.

ఇక మాట ఎంచుకునే పద్ధతి. రెండు సంగతులు చూస్తే చాలు: కదిలింది మనిషా, అతను పంపిన వస్తువా? ఎవరు వెనక్కి తీసుకున్నారు, ఇచ్చినవాడేనా, పైవాడా?

తాను పంపినదాన్ని, ఇచ్చినదాన్ని, నిలబెట్టినదాన్ని తానే వెనక్కి తీసుకుంటే ఉపసంహరణ. దీనికి కర్మ కావాలి. ‘జీవోను ఉపసంహరించుకుంది’, ‘బలగాలను ఉపసంహరించుకుంది’. ‘-కొను’ చేరడం ఇక్కడ ముఖ్యం, తన వైపుకి తీసుకుంటున్నాడు కాబట్టి. ‘నామినేషన్ నుంచి ఉపసంహరించుకున్నారు’ అన్నది పొరపాటు, ‘నుంచి’ వచ్చిందంటే అక్కడ కావలసిన క్రియ తప్పుకొను, వైదొలగు.

తానే ఒక స్థానం నుంచి, పొత్తు నుంచి పక్కకి వస్తే వైదొలగడం, తప్పుకోవడం. ఈ తేడాకి మంచి ఉదాహరణలు రాజకీయాల్లోనే దొరుకుతాయి. 2008 జులైలో వామపక్షాలు అణు ఒప్పందం మీద యూపీఏ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్నాయి. అవి ప్రభుత్వంలో లేవు, బయటి నుంచి ఇచ్చిన మద్దతు మాత్రమే వెనక్కి తీసుకున్నాయి. 2018 మార్చిలో తెలుగుదేశం మొదట కేంద్ర మంత్రివర్గం నుంచి వైదొలిగింది, వారం తర్వాత ఎన్‌డీఏ కూటమి నుంచి వైదొలిగింది. వామపక్షాలకు ‘వైదొలిగాయి’ అని గానీ, తెలుగుదేశానికి ‘ఉపసంహరించుకుంది’ అని గానీ రాస్తే వాక్యం నడుస్తుంది, విషయం మారిపోతుంది.

చేస్తున్న పనిని ఆపేస్తే విరమణ. సమ్మె, దీక్ష, ఆందోళన, కాల్పులు, పదవి. ఉద్యోగి పదవీ విరమణ చేస్తాడు. ‘పదవి ఉపసంహరణ’ అనడం లేదు, ఎందుకంటే పదవి అతను ఇచ్చింది కాదు. ఉద్యమం దగ్గర రెండు మాటలూ చెల్లుతాయి. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణను ‘ఉపసంహరించారు’ అన్నా, ‘నిలిపివేశారు’ అన్నా సరే. పిలుపు ఇచ్చింది ఆయనే కనుక ఉపసంహరణ కుదిరింది. ఊళ్లో రాస్తారోకోలో కూర్చున్నవాళ్లు మాత్రం ఆందోళన ‘విరమిస్తారు’.

ఒక స్థలాన్ని, రంగాన్ని, సభ్యత్వాన్ని పూర్తిగా విడిచి వెళ్తే నిష్క్రమణ. ఐరోపా సమాఖ్య నుంచి 2020 జనవరి 31న బ్రిటన్ నిష్క్రమించింది. ఎందుకు వెళ్లిందో ఈ మాట చెప్పదు, వెళ్లిందన్నదే చెబుతుంది.

సైన్యం విషయంలో మూడు మెట్లు. నిర్ణయం తీసుకుని, ఏర్పాటుతో వెనక్కి తెచ్చుకుంటే ఉపసంహరణ: అఫ్గానిస్థాన్ నుంచి 2021 ఆగస్టులో అమెరికా చేసింది. శత్రువో, ఆకలో, చలో తరిమితే తిరోగమనం: 1812లో మాస్కో నుంచి నెపోలియన్ సేన. చెల్లాచెదురై పరుగెత్తితే పలాయనం. దీన్ని వాడేటప్పుడు జాగ్రత్త, అందులో ఎగతాళి ఉంది. ‘పలాయనం చిత్తగించారు’ అన్నాక అది వార్తలా ఉండదు.

ఇచ్చినవాడు వేరు, తీసేసినవాడు వేరు అయితే ఉపసంహరణ అస్సలు పనికిరాదు. ప్రభుత్వం తన జీవోను ఉపసంహరించుకుంటుంది, అదే జీవోను హైకోర్టు కొట్టేస్తుంది. సభలో పెండింగులో ఉన్న బిల్లును ఉపసంహరించుకోవచ్చు. అది చట్టమైపోయాక ఉపసంహరణ ఉండదు, రద్దే. సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటామని 2021 నవంబరు 19న ప్రధాని ప్రకటించారు గానీ పని జరిగింది నవంబరు 29న పార్లమెంటులో రద్దు బిల్లుతో.

ధర్మాబాద్ గోదారి (నాందేడ్ జిల్లా):

పంతులుగారు చెప్పినదానికి మరాఠీ వైపు నుంచి ఒక ఆధారం. మరాఠీలో ‘మాగే ఘేణే’ వేరు, ‘మాఘార్ ఘేణే’ వేరు. అర్జు, కేసు, మాట మాగే ఘేతారు. మనిషి తానే వెనక్కి వస్తే మాఘార్ ఘేతాడు. కిన్వట్, బిలోలి, దెగ్లూర్ వైపు రెండు భాషలూ నడిచేవాళ్లకి ఇది మంచి గురుతు: ‘మాగే ఘేతలా’ ఉన్నచోట ఉపసంహరించుకున్నారు, ‘మాఘార్ ఘేతలీ’ ఉన్నచోట తప్పుకున్నారు లేదా వెనక్కి తగ్గారు. సైన్యం వార్తలో మాఘార్ వస్తే మాత్రం కాస్త ఆగి, తీసుకున్న నిర్ణయమా, వెనక్కి నెట్టబడ్డారా చూసి ఉపసంహరణో తిరోగమనమో వేసుకోవాలి. ఆ తేడా మాఘార్ చెప్పదు.

మాట్లాడేటప్పుడు మా దిక్కు ఎవరూ ఉపసంహరణ అనరు. ‘ఫారం వాపస్ తీస్కున్నడు’ అంటరు, అందరికీ తెలుస్తది. వార్తాపత్రం ఊరివాళ్ల కోసమే అయితే శీర్షికలో ‘వెనక్కి తీసుకున్నారు’ అని, లోపల వాక్యంలో ‘ఉపసంహరించుకున్నారు’ అని పెట్టండి. బ్యాంకు డబ్బుకైతే అసలే వద్దు. ‘నగదు ఉపసంహరణ’ కాగితం మీది మాట. మరాఠీలో పైసే కాఢ్తారు, ఒడియాలో టంకా ఉఠాస్తారని విన్నదే, తెలుగులో డబ్బులు తీస్తారు, డ్రా చేస్తారు. పింఛను గురించి ముసలివాళ్లకి రాసే నోటీసులో ‘నగదు ఉపసంహరణ పరిమితి’ కన్నా ‘ఒకసారికి ఇంతే తీసుకోవచ్చు’ మేలు.

‘కేసు వాపస్’ అన్న మాటలో ఒక గుంత ఉంది, అందులో పడకండి. జనం దృష్టిలో ఫిర్యాదు చేసినాయన కేసు వాపస్ తీసుకుంటడు. పోలీసు కేసులో అట్లా కుదరదు. నేరాభియోగాన్ని ఉపసంహరించేది పబ్లిక్ ప్రాసిక్యూటరు, అదీ కోర్టు అనుమతితో. పాత నేర విచారణ స్మృతిలో 321వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 360. ఫిర్యాదీ, నిందితుడు కుదుర్చుకుంటే అది రాజీ, పాత 320, కొత్త 359. రాజీకి వీలున్న నేరాల జాబితా చట్టంలోనే ఉంది, అన్నిటికీ కుదరదు. కాబట్టి ‘ఇరువర్గాలు కేసు ఉపసంహరించుకున్నాయి’ అని రాసినప్పుడల్లా దాదాపు తప్పే, ‘రాజీ పడ్డాయి’ అన్నదే జరిగి ఉంటది. సివిల్ దావా వేరు. వాది తన దావాను తానే ఉపసంహరించుకోవచ్చు. మళ్లీ వేసుకుంటానని కోర్టు అనుమతి తీసుకోకుండా ఉపసంహరిస్తే అదే విషయం మీద కొత్త దావా చెల్లదు, అందుకే వార్తలో ‘అనుమతితో’ అన్న మాట వదిలిపెట్టొద్దు.

వంశధార గట్టు:

చాలా ఉపయోగపడింది. పాత సంచికల నుంచి ఐదు వాక్యాలు పెడుతున్నాను, మొహమాటం లేకుండా దిద్దండి.

ఒకటి: ‘చివరి రోజు సాయంత్రం 5 గంటలకు స్వతంత్ర అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకుని మరో అభ్యర్థికి మద్దతు ప్రకటించారు.’
రెండు: ‘పరిశీలనలో ఇద్దరి నామినేషన్లు ఉపసంహరించబడ్డాయి.’
మూడు: ‘మొత్తం 14 నామినేషన్లలో 6 ఉపసంహరణ.’
నాలుగు: ‘2,000 నోట్ల రద్దుతో వ్యాపారులకు ఇక్కట్లు.’
ఐదు: ‘మద్యం ఉపసంహరణ లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి.’

బరంపురం పంతులు:

ఐదింటిలోనూ తప్పుంది, కానీ ఒకే రకం తప్పు కాదు.

ఒకటో వాక్యంలో భాష బాగుంది, జరగని పని రాశారు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 37వ సెక్షను వర్తిస్తుంది. ఉపసంహరణ నోటీసు రాతపూర్వకంగా, అభ్యర్థి సంతకంతో, నిర్ణయించిన రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. అభ్యర్థే ఇవ్వాలి, లేదా ఆయన రాతపూర్వకంగా అధికారమిచ్చిన ప్రతిపాదకుడో ఎన్నికల ఏజెంటో ఇవ్వాలి. ఫారం 5 అంటే ఇదే. ఒకసారి ఇచ్చాక మనసు మార్చుకుని దాన్ని రద్దు చేసుకోవడం కుదరదు, అంటే ఉపసంహరణను ఉపసంహరించుకోలేరు. మూడు దాటిందంటే పేరు బ్యాలెట్‌లో ఉంటుంది, యంత్రం మీద గుర్తు ఉంటుంది, ఓట్లు పడితే లెక్కిస్తారు. కాబట్టి సాయంత్రం 5 గంటల వార్తకి ‘పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు’ అని రాసి, పక్కనే ‘గడువు దాటినందున బ్యాలెట్‌లో పేరు ఉంటుంది’ అని చేర్చాలి. ‘బరి నుంచి తప్పుకున్నారు’ అన్నది కూడా ఇక్కడికే సరిపోతుంది. పంచాయతీ ఎన్నికలకు రాష్ట్ర నియమాలు వేరు, వాటికి ఆ నోటీసులో రాసిన గడువే పట్టుకోండి.

రెండోదానికి ‘తిరస్కరించారు’. పరిశీలన చేసేది అధికారి, వేసింది ఆయన కాదు. పైగా ‘బడ్డాయి’ ఎందుకండీ? ఉపసంహరణకి కర్త ఎప్పుడూ ఉంటాడు, అతన్ని దాచేస్తే ఎవరు వెనక్కి తీసుకున్నారన్నదే పోతుంది.

మూడోది పెద్ద పేపర్లలో కూడా కనిపించే తప్పు. చట్టం ఉపసంహరించుకోమన్నది అభ్యర్థిత్వాన్ని, కాగితాన్ని కాదు. ఒక అభ్యర్థి ఒక నియోజకవర్గంలో నాలుగు నామినేషన్ పత్రాల వరకు వేయవచ్చు, సెట్లు అనేది వాటినే. ఆయన తప్పుకుంటే నాలుగూ ఒకేసారి పోతాయి. అందుకని పత్రాల లెక్కనీ, అభ్యర్థుల లెక్కనీ ఒకే వాక్యంలో తీసివేత చేయకూడదు. 14 పత్రాలు వేసినవాళ్లు బహుశా 9 మందే కావచ్చు. ఇలా రాయండి: ‘ఇంతమంది ఇన్ని సెట్లు దాఖలు చేశారు, పరిశీలనలో ఇంతమంది మిగిలారు, వారిలో ఇంతమంది ఉపసంహరించుకున్నారు, బరిలో ఇంతమంది.’ చివరి సంఖ్య ఫారం 7ఏతో, అంటే బరిలో నిలిచిన అభ్యర్థుల జాబితాతో సరిపోవాలి. సరిపోకపోతే మీ లెక్కలో పత్రాలూ మనుషులూ కలిసిపోయినట్టే. రోజులు కూడా గుర్తుంచుకుంటే మేలు: ప్రకటన వెలువడ్డాక ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు, మర్నాడు పరిశీలన, పరిశీలన తర్వాత రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు. సెలవు పడితే తర్వాతి పనిదినం.

నాలుగోది సరిగ్గా తలకిందులు. 2016 నవంబరు 8న 500, 1,000 నోట్లకు జరిగింది రద్దు, ఆ రాత్రి నుంచి అవి చెల్లుబాటు కోల్పోయాయి. 2023 మే 19న 2,000 నోటు విషయంలో రిజర్వు బ్యాంకు చేసింది చలామణి నుంచి ఉపసంహరణ. నోటు చెల్లుతూనే ఉంది, బ్యాంకుల్లో ఒకసారికి 20,000 రూపాయల దాకా మార్చుకోనిచ్చారు. మొదట సెప్టెంబరు 30 గడువు, తర్వాత అక్టోబరు 7. ‘రద్దు’ అని శీర్షిక పెడితే కిరాణా కొట్టువాడు మర్నాడే నోటు తీసుకోనంటాడు. ఇక్కడ మాట తప్పితే జనానికి నష్టం.

ఐదోదానికి తెలుగులో మాటే అక్కర్లేదు, వాక్యం చాలు: ‘తాగుడు మానేశాక వచ్చే లక్షణాలు’. ఉపసంహరణ అన్నది అక్కడ అనువాదకుడి మాట, రోగికి తెలియదు. నోటీసు కాబట్టి లక్షణాలు కూడా రాయండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం ప్రాణం మీదికి తెస్తుంది. ‘మానేయమన్నాం, మానేశాడు’ అని ఇంట్లో కూర్చోబెట్టకూడదు, ఆసుపత్రిలోనే మాన్పించాలి.

పర్లాకిమిడి పాఠకురాలు (గజపతి జిల్లా):

వెనుకంజ గురించి ఎవరూ ఎత్తలేదు. అంజ అంటే అడుగు. ‘వెనుకంజ వేశారు’ అంటే జంకి వెనక్కి తగ్గారు. ఓట్ల లెక్కింపు రోజు ‘ఫలానా అభ్యర్థి వెనుకంజ’ అంటే ఓట్లలో వెనకబడ్డారని, ముందంజకి వ్యతిరేకం. లెక్కింపు రోజు శీర్షికలో ‘వేశారు’ తగిలిస్తే ఓట్లు లెక్కిస్తుండగా ఆయన పారిపోయినట్టు ఉంటుంది. ‘వెనకాడటం’ ఇంకా వేరు, అది అడుగు వేయకముందు తటపటాయింపు. ‘కాడి పడేశారు’, ‘చేతులెత్తేశారు’ రెండూ పని మధ్యలో వదిలేసినందుకు తిట్టు లాంటివి, వార్తలో ఒకరి తరఫున మాట్లాడినట్టవుతుంది.

తిరోగమనంలో కూడా ఒక చిక్కు. సంస్కృతంలో ‘తిరః’ అంటే అడ్డంగా, కనుమరుగుగా. తిరోధానం, తిరోభావం అందుకే మాయమవడం. తెలుగులో పురోగమనానికి జంటగా నిలబడి ‘వెనక్కి నడవడం’ అయిపోయింది. అందువల్ల నిందా చేరింది. ‘తిరోగమన విధానం’ అంటే కాలాన్ని వెనక్కి తిప్పే విధానం. ఒక పార్టీ ఒక నిర్ణయం మార్చుకుంటే ‘తిరోగమనం’ అని రాయకండి, అది మీ అభిప్రాయం చెప్పినట్టు. ‘వెనక్కి తగ్గింది’ చాలు. గ్రహాలకు పంచాంగం మాట వక్రగతి, ‘బుధుడి తిరోగమనం’ ఈమధ్య వచ్చినది.

వానల దగ్గరికి వస్తే నిందేమీ లేదు, అక్కడ తిరోగమనం పాఠ్యపుస్తకాల మాట. అయినా రోజువారీ వార్తకి ‘రుతుపవనాలు వైదొలిగాయి’ బాగుంటుంది. ‘ఉపసంహరించుకున్నాయి’ మాత్రం కుదరదు, దేన్ని? వాతావరణ శాఖ లెక్కలో పశ్చిమ రాజస్థాన్ నుంచి వైదొలగడం మామూలుగా సెప్టెంబరు 17న మొదలై, దేశమంతటా అక్టోబరు 15కి పూర్తవుతుంది. ప్రకటించేముందు వాళ్లు చూసేవి: వరసగా ఐదు రోజులు వాన లేకపోవడం, గాలిలో తేమ బాగా పడిపోవడం, కింది వాతావరణంలో అధిక పీడన సుడి ఏర్పడటం. మన దగ్గర నాలుగు రోజులు ఎండ కాస్తే ‘వానలు పోయాయి’ అని రాసేస్తారు. అది తెరిపి మాత్రమే కావచ్చు, తెరిపిని ఉపసంహరణ చేయకండి. పైగా వైదొలిగే కాలమే ఈ తీరానికి తుపాన్ల కాలం. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర, రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి, తిత్లీకి గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో అందరికీ తెలుసు. ‘రుతుపవనాల తిరోగమనం మొదలు’ అన్న వార్త కింద ‘తుపాను హెచ్చరికలు గమనించండి’ అన్న వాక్యం ఆ నెలంతా ఉంచండి, లేకపోతే చదివినవాళ్లు కోసిన వరి పనలు పొలంలోనే వదిలేస్తారు.